మూడు పొరల ఎరుపు

మార్చి 3, మంగళవారం

ఇవాళ్టి నుంచి రాయాలి. ఎందుకంటే, ఒకే విషయం మీద నాన్న ఒకటి చెబుతున్నాడు, మేనేజరు గారు ఇంకొకటి చెబుతున్నారు. ఇద్దరి మాటా నమ్మే అలవాటు నాది. ఇంట్లో ఎవరితోనైనా అంటే నాన్న చెవిన పడుతుంది, నేను పనిచేసే కార్ల షోరూములో అంటే మేనేజరు గారి చెవిన పడుతుంది. మనసులోనే ఉంచుకుంటే నాకు అనుకూలంగా నేనే మార్చేసుకుంటాను. రాసి ఉంటే మార్చుకోలేను కదా.

దీన్ని దాచే పని కూడా లేదు. మా ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే. బల్ల మీద తెరిచి పెట్టినా అమ్మ దీని మీద టీ గ్లాసు పెడుతుందే తప్ప ఇంకేం చేయదు.

విషయం: పళ్ళ డాక్టరమ్మ కొన్న ఎర్ర స్పోర్ట్స్ కారుకి ఫిల్మ్ వేయించాలా, వద్దా. ఆవిడ సలహా అడిగింది నన్ను. సలహా చెప్పడమే నా ఉద్యోగం.

ముప్పై ఏళ్ళు కార్లకి రంగులు వేసిన మా నాన్నకి ఫిల్మ్ అంటే ఏమిటో నేను చెప్పాల్సి వచ్చింది. అద్దంలా ఉంటుంది, కంటికి కనపడదు, రంగు మీద చర్మంలా అతుక్కుంటుంది, రోడ్డు మీద చిన్న రాళ్ళు ఎగిరి తగిలితే దెబ్బ అది తింటుంది, రంగుకి తగలనివ్వదు. కస్టమర్లకి చెప్పినట్టే చెప్పాను.

నాన్న అంతా విని, "కొత్త సోఫాకి ప్లాస్టిక్ కవరు తియ్యని వాళ్ళని చూసి నవ్వేదానివి. ఇప్పుడు నువ్వే తొడుగుతున్నావా?" అన్నాడు.

"సోఫా రోడ్డెక్కి పరిగెత్తదు నాన్నా."

"రంగుకి గాలాడాలి తల్లీ. వద్దని చెప్పు ఆవిడకి."

"ఫ్యాక్టరీలో పొయ్యిలో పెట్టి కాల్చిన రంగుకి గాలెందుకు?"

"ఫ్యాక్టరీ రంగుకైతే అక్కర్లేదు..." అని ఏదో అనబోయి ఆగాడు. "అందరికీ ఒకే మందు పోస్తామా? వద్దని చెప్పు, అంతే."

నా ఉద్యోగం సంగతుల్లో నాన్న వేలు పెట్టడం ఇదే మొదలు. నా చదువంటే ఆయనకి గర్వమే. నా సర్టిఫికెట్లని తలకిందులుగా పట్టుకునైనా వచ్చిన వాళ్ళందరికీ చూపిస్తాడు. కానీ తన పనిలో నేను ఎక్కువ తెలిసినట్టు మాట్లాడితే నొచ్చుకుంటాడు. అదే అయ్యుంటుంది.

మార్చి 4, బుధవారం

అదే అయ్యుంటుంది.

మార్చి 6, శుక్రవారం

డాక్టరమ్మ వచ్చారు. తాళాలు ఇంకా చేతికి రాలేదు గానీ, క్లినిక్ నుంచి ఇంటికి వెళ్ళే దారిలో ఆగి కారుని పలకరించి వెళ్తున్నారు. వెనక షెడ్డులో దాని మీద కప్పిన గుడ్డ నేనే తీశాను. యాభై దాటాక తన కోసం తను కొనుక్కున్న మొదటి వస్తువు ఇదేనట. రెండే తలుపులు, రెండే సీట్లు.

"వెనక సీటు లేకపోవడమే దీని అందం. చుట్టాలెవర్నీ దింపిరావక్కర్లేదు" అన్నారు.

నవ్వు ఆపుకోలేకపోయాను. షోరూములో కస్టమరు ముందు నవ్వకూడదని ఎవరూ అనలేదు గానీ, అలా నవ్వడం నాకే ఎందుకో ఇంకా అలవాటు కాలేదు.

ఆ ఎరుపు మా ఊళ్ళోకి వచ్చిన మొదటి బండి ఇదే. మూడు పొరలుగా వేస్తారు. కింద వెండి మెరుపు, దాని మీద పల్చటి ఎర్ర నీళ్ళలాంటి పూత, అన్నిటి మీదా అద్దం లాంటి పూత. నీడలో దానిమ్మ గింజలా ఉంటుంది, ఎండలోకి తెస్తే మండుతుంది.

"ఇప్పుడు చెప్పమ్మా. మీ సేల్స్ అబ్బాయిలు ఫిల్మ్ వెయ్యకపోతే కారు ఎల్లుండికి పోతుందన్నట్టు మాట్లాడుతున్నారు. వాళ్ళ మాట నాకొద్దు. నీ కారైతే నువ్వేం చేస్తావ్?"

నా కారైతే! నవ్వు మళ్ళీ వచ్చేది, మింగేశాను. "కొన్నాళ్ళు టైమివ్వండి మేడమ్. అన్నీ చదివి చెబుతాను" అన్నాను.

"చదువు, చదువు. నేనూ నా దగ్గరికొచ్చే వాళ్ళని ఇలాగే భయపెట్టొచ్చు. పంటికి టోపీ వెయ్యకపోతే విరిగిపోతుందని. కొందరికి నిజంగానే కావాలి, కొందరికి అక్కర్లేదు. టోపీ పెట్టేశాక కింద పుచ్చు ఉందో లేదో పెట్టినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలీదు. అందుకని పెట్టేవాళ్ళ మొహం చూసుకోవాలి. నీ మొహం చూస్తే అడగాలనిపించింది."

ఇంటర్వ్యూలో మేనేజరు గారు కూడా దాదాపు ఇదే అన్నారు. ఆరుగురం కూర్చున్నాం ఆ రోజు. మిగతా ఐదుగురూ నాకన్నా బాగా మాట్లాడారు, నాకు వినిపించింది. చివరికి ఆయన నన్నే పిలిచి, "నీలాంటి వాళ్ళు చెబితే జనం నమ్ముతారమ్మా" అన్నారు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో వాళ్ళకి కూడా. నాకోసం దాచుకున్నాను.

మార్చి 8, ఆదివారం

నాన్న ఇవాళ కూడా పనికి వెళ్ళాడు. ఎవరో స్నేహితుడి షెడ్డట. ఎవరని అడిగితే "నీకు తెలీదులే" అన్నాడు. నాన్న స్నేహితులు అందరూ నాకు తెలుసు. ఉన్నదే ముగ్గురు.

అమ్మ వంటింట్లో సణుగుతోంది. "నా చెంచాలన్నీ ఆయన పాలయ్యాయి. మనుషులు తినాలా, చేతులు నాకాలా? పెళ్ళినాడు ఇచ్చిన డజనులో ఇప్పుడు లెక్క చూస్తే కన్నీళ్ళొస్తాయి."

కలిపిన రంగు సరిపోయిందో లేదో నాన్న చెంచా వీపు మీద కొట్టి చూస్తాడు. రేకు ముక్క మీద రంగు ఒక్కలాగే కనిపిస్తుందట. చెంచా వీపు కారు ఒంటిలా వంపుగా ఉంటుంది కాబట్టి వెలుగూ నీడా రెండూ దాని మీదే తేలిపోతాయట. చిన్నప్పుడు నా చేతికి రంగురంగుల చెంచాలే ఆటబొమ్మలు. నీలం చెంచాకీ ఆకుపచ్చ చెంచాకీ పెళ్ళి చేసేదాన్ని.

కడగాల్సిన గిన్నెల్లో ఒక చెంచా వీపు ఎర్రగా ఉంది, ఎప్పుడో ఎండిపోయిన రంగు. నీడలో ఒకలా ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్తే ఇంకోలా ఉంది.

ఎరుపు అంటే లోకంలో ఒక్కటే ఎరుపా.

మార్చి 9, సోమవారం

చెంచా బ్యాగులో వేసుకుని షోరూముకి వెళ్ళాను. బయటికి తీయలేదు.

మార్చి 11, బుధవారం

డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను. వేయించండి, ముందు భాగానికి మాత్రమే కాదు, కారంతా వేయించండి. అంత లోతైన ఎరుపుకి గీత పడితే అతుకు వేసినా తెలిసిపోతుంది, మూడు పొరల రంగుని మళ్ళీ కలిపి సరిపెట్టడం ఎవరి తరమూ కాదు అని చెప్పాను. ఎవరి తరమూ కాదు అన్నప్పుడు నాన్న గుర్తొచ్చాడు. అయినా అన్నాను.

"అయితే సరే. నువ్వు చెప్పావు, ఇంకేం ఆలోచించను" అన్నారావిడ.

23వ తేదీ సోమవారం పొద్దున్న ఫిల్మ్ పని మొదలు. అది అయ్యాక తాళాలు.

మేనేజరు గారు తన గదిలోంచి బయటికొచ్చి మరీ అందరి ముందూ, "చూశారా? వీళ్ళంతా నెల్లాళ్ళు వెంటపడ్డా ఒప్పించలేకపోయారు. ఈ అమ్మాయి ఒక్క ఫోన్‌తో ఒప్పించింది" అన్నారు. సేల్స్ వాళ్ళు నా వైపు చూసిన చూపుకి నేను ఆనందపడలేదని రాస్తే అబద్ధం.

భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను. సగం తిన్న పళ్ళెం ముందు నుంచి లేచి చేయి కడుక్కున్నాడు.

"నీ ఇష్టం. చదువుకున్నదానివి."

ఎప్పుడూ ఈ మాటే చివరికి. ఇన్నేళ్ళలో ఈ మాట పొగడ్తో, తిట్టో నాకు తేలలేదు. ఇవాళ తేలింది. నాకూ కోపం వచ్చింది, పలకరించకుండా పడుకున్నాను.

మార్చి 13, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాయాలి. వరసగా రాయాలి.

ఫిల్మ్ వేసే ఆయన్ని అందరూ స్టిక్కర్ మామ అంటారు. ఆయనకి కూతురు వరసయ్యే వాళ్ళూ అంతే, మనవడు వరసయ్యే వాళ్ళూ అంతే. పని మొదలయ్యే ముందు కారుని కొలుచుకోవడానికి ఇవాళ వచ్చాడు. మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, ఒకసారి షెడ్డుకి రా. అందరూ చూసేలా కాదు, ఊరికే నడుచుకుంటూ రా" అన్నాడు.

ఆయన దగ్గర రంగు మందం చూసే చిన్న మీటరు ఉంటుంది. బానెట్ మీద పెట్టాడు, అంకె చూపించాడు. పైకప్పు మీద పెట్టాడు, కుడి తలుపు మీద పెట్టాడు. అన్నిచోట్లా ఇంచుమించు అదే అంకె. తర్వాత ఎడమ తలుపు మీద పెట్టాడు. అంకె రెట్టింపు దాటిపోయింది. దాని వెనక చక్రం మీదుండే రేకు, ఫెండరు మీదా అంతే.

"మీటరు పాడైందేమో మామా" అన్నాను.

"కుడి వైపు బాగుండి ఎడమ వైపే పాడవుతుందా? ఈ తలుపు చొక్కా మీద చొక్కా తొడుక్కుంది అమ్మాయ్. వేసినవాడెవడో గానీ వాడి చేతికి దణ్ణం పెట్టాలి. కళ్ళతో చూస్తే దేవుడికి కూడా తెలీదు."

"అయితే ఏమవుతుంది?"

"ఇంకా పచ్చి రంగు. పైకి ఆరినట్టుంటుంది గానీ లోపల ఆరడానికి నెలలు పడుతుంది. దాని మీద ఫిల్మ్ బిగిస్తే ఆవిరి పోయే దారి లేక పొక్కులొస్తాయి. రాకపోయినా, ఏదో ఒక రోజు ఫిల్మ్ మార్చాలని లాగుతారు కదా, రంగు కూడా దాంతోపాటు ఊడి చేతికొస్తుంది. అప్పుడందరూ నా మెడ మీద కూర్చుంటారు. పొద్దున్న మీ మేనేజరుకి చెప్పాను. 'నువ్వు ఫిల్మ్ వెయ్యి, అంతవరకే నీ పని' అన్నాడు." గొంతు తగ్గించి, "ఆవిడ నీ మాట మీద ఒప్పుకుందట కదా. అందుకని నీ చెవిన వేశాను. తర్వాత నీ ఇష్టం" అన్నాడు.

షెడ్డు తలుపు పూర్తిగా తెరవమన్నాను. ఎండ కారు మీద పడింది. బ్యాగులోంచి చెంచా తీసి ఎడమ తలుపు పక్కన పట్టుకున్నాను.

స్టిక్కర్ మామ చెంచానీ చూశాడు, నన్నూ చూశాడు. మా నాన్న ఏం పని చేస్తాడో ఆయనకి తెలుసు. ఏమీ అడగకుండా మీటరు జేబులో వేసుకుని బయటికెళ్ళిపోయాడు.

అదే ఎరుపు.

సాయంత్రం ఇంటికొచ్చి చెంచా నాన్న ముందు పెట్టాను. వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"ఎడమ తలుపు. వెనక ఫెండరు" అన్నాను.

కాదంటాడనుకున్నాను. కాదంటే వాదిద్దామని దారంతా మాటలు పేర్చుకుంటూ వచ్చాను. నాన్న కాదనలేదు.

"లారీ మీంచి దింపుతుంటే గొలుసు జారి తగిలిందట. తలుపు లోపలికి నొక్కుకుపోయింది. లాగి, సాపు చేసి, రంగు కొట్టాను. వెండి పొర కుదరడానికే మూడు ఆదివారాలు పట్టింది. కుడి తలుపుకీ ఎడమ తలుపుకీ తేడా ఉందేమో చెప్పు, ఇప్పుడే చేతులు నరుక్కుంటాను."

ఆ గొంతులో గర్వం ఉంది. నేను ఏడుస్తున్నప్పుడు కూడా ఉంది.

"కొత్త కారని చెప్పి అమ్మారు నాన్నా ఆవిడకి."

"కొత్తదే కదా. ఎవరైనా నడిపారా?"

"నేనే చెప్పాను కొత్తదని. నా నోటితో."

"నీకు తెలీకుండా చెప్పావు కదా తల్లీ. తెలీకుండా చెబితే అబద్ధమవుతుందా? అందుకే కదా నీకు చెప్పకుండా ఉన్నది. నీ నోరు శుభ్రంగా ఉండాలని. ఫిల్మ్ ఒక్కటి వద్దని మాత్రం అన్నాను. అదొక్కటైనా విన్నావా?"

ఎప్పట్నించి అని అడిగాను. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ అమ్మ వచ్చి, "నీ ఉద్యోగం ముందు నుంచి" అంది.

ఇంటర్వ్యూ ముందు వారం మేనేజరు గారు మా ఇంటికి వచ్చారట. నేను ఆ రోజు లైబ్రరీలో ఉన్నాను, ఇంటర్వ్యూ కోసమే చదువుకుంటూ. ఆయన వాకిట్లో చెప్పులు విడిచి, "మాస్టారూ" అని పిలిచారట.

"ఎన్నేళ్ళయిందో తెలుసా నన్ను ఎవరైనా మాస్టారూ అని పిలిచి?" అన్నాడు నాన్న. "అందరూ కంప్యూటరు కలిపే రంగుకి పోయారు. మూసేసిన నా షాపు షట్టరు కింద పిల్లులు ఈనుతున్నాయి. ఆయన వెతుక్కుంటూ వచ్చాడు. మా అమ్మాయి చదువు అయిపోయింది, ఏదన్నా చూడండి అన్నాను. 'చూస్తాను, మీరు నా పని చూడండి' అన్నాడు. ఏం తప్పడిగాను? తండ్రిని కాదా?"

"మరి ఆ ఇంటర్వ్యూ?"

"పద్ధతి అనేది ఒకటుండాలి కదా" అన్నాడు నాన్న.

"ఇదొక్క కారేనా?"

నాన్న చెప్పబోయాడు. "వద్దు" అన్నాను. నేనే ఆపాను. ఇది రాసి ఉంచాలి. నేనే ఆపాను.

మార్చి 14, శనివారం

ఇంటర్వ్యూ ముందు రోజు అద్దం ముందు నిలబడి జవాబులన్నీ పైకి చెప్పుకున్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి మొత్తం వింది. "బాగా చెప్పావు" అంది.

అప్పటికే ఆమెకి తెలుసు.

మార్చి 15, ఆదివారం

నాన్న ఎక్కడికీ వెళ్ళలేదు. రేడియో విప్పి మళ్ళీ బిగించాడు. అదివరకు మోగేది, ఇప్పుడు మోగడం లేదు.

అమ్మ నా తల దువ్వుతానని వచ్చింది. చిన్నపిల్లనా అన్నాను. అయినా కూర్చుంది. "నువ్వు రోజూ సంతోషంగా వెళ్ళొస్తున్నావు. ఆ సంతోషం చూసి ఊరుకున్నాను. చెబితే పోతుంది కదా."

"నీకు తెలిసి కూడా రోజూ ఎలా జరిగిందమ్మా అని అడిగేదానివి."

"అడక్కపోతే నువ్వు బాధపడవా?"

ఈ ఇంట్లో అందరూ నా మీద ప్రేమతోనే చేశారు. ఎవరినీ తిట్టడానికి లేదు. తిట్టడానికి లేకపోవడం ఎంత కష్టమో.

ఒక దారి ఉంది. పొద్దుట్నించీ దాని చుట్టూనే తిరుగుతున్నాను. డాక్టరమ్మకి ఫోన్ చేసి, ఇంకా చదివాను మేడమ్, ఫిల్మ్ అక్కర్లేదనిపిస్తోంది అని చెప్పేస్తే? ఆవిడ మానేస్తారు. రంగు హాయిగా ఆరుతుంది. నాన్న పని కాబట్టి ఎన్నేళ్ళయినా ఊడదు, అందులో నాకు అనుమానం లేదు. ఆవిడ ఆ కారులో చుట్టాలు లేకుండా తిరుగుతారు. నాన్నకి మాస్టారు అన్న పిలుపు ఉంటుంది. నాకు ఉద్యోగం ఉంటుంది. స్టిక్కర్ మామ మెడ మీద ఎవరూ కూర్చోరు. పైగా ఆ సలహా సరైన సలహా. ఆ కారుకి ఇప్పుడు నిజంగానే ఫిల్మ్ వేయకూడదు.

సలహా నిజం. చెప్పే కారణం మాత్రం అబద్ధం. అంతే తేడా. చిన్న తేడా.

చిన్న తేడా అని రాశాను. అలాగే ఉంచుతున్నాను.

మార్చి 16, సోమవారం

మేనేజరు గదిలోకి వెళ్ళాను. ఇన్నాళ్ళూ గారు అని రాసేదాన్ని ఇక్కడ. ఇక రాయలేను.

చెప్పింది పూర్తిగా విన్నాడు. కోప్పడలేదు. కుర్చీ చూపించాడు, నీళ్ళు తెప్పించాడు.

"కొత్త కారంటే ఏమిటి? ఎవరూ నడపనిది. లారీల్లో, ఓడల్లో రావాలి, దింపాలి, ఎక్కించాలి. ఇనుమన్నాక దెబ్బ తగలదా? తగిలింది, మంచి పనివాడితో బాగు చేయించాం. మీ నాన్నగారిని మించిన ఫ్యాక్టరీ ఎక్కడుందమ్మా?"

"అదే ఆవిడకి చెప్పొచ్చు కదా సార్."

"చెబితే కొంటుందా? నువ్వైతే కొంటావా?"

నీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు.

"సరే, ఫిల్మ్ వేస్తే పాడవుతుందంటున్నావు. మీ నాన్నగారు కూడా నాతో అదే అన్నారు. అయితే వద్దని నువ్వే చెప్పెయ్. నిన్ను వద్దన్నానా? ఆవిడ నీ మాట వింటుంది."

నేను ఆదివారం కనిపెట్టాననుకున్న దారి. ఆయన దగ్గర అది ముందే సిద్ధంగా ఉంది. నా బుర్రలో పుట్టింది అనుకున్నదాన్ని ఆయన గ్లాసుతో నీళ్ళిచ్చినట్టు ఇచ్చాడు.

లేచేటప్పుడు, "నువ్వు సలహాలిచ్చేదానివి తల్లీ, తీర్పులిచ్చేదానివి కాదు" అన్నాడు. తల్లీ అని నాన్న పిలుస్తాడు.

నీలాంటి వాళ్ళు చెబితే జనం నమ్ముతారు. ఇప్పుడు అర్థమైంది. వాళ్ళకి కావాల్సింది నిజాయితీ గల మనిషి కాదు. తెలియని మనిషి.

మార్చి 17, మంగళవారం

రాస్తుంటే నాన్న వచ్చి మంచం చివర కూర్చున్నాడు. నాలుగు రోజుల తర్వాత మొదటి మాట.

"నా గురించేనా?"

"కాదు."

"ఏం రాశావో చదివి వినిపించు."

పుస్తకం నా చేతిలోనే ఉంది. పైన నిన్నటి పేజీ. దాన్ని చూస్తూ చదివాను: "ఇవాళ షోరూముకి ఒక కొత్త జంట వచ్చింది. భర్తకి తెలుపు కావాలి, భార్యకి నీలం కావాలి. ఇద్దరూ పోట్లాడుకుని చివరికి బూడిద రంగు కొనుక్కున్నారు."

నాన్న నవ్వాడు. "బూడిద రంగు కలపడం అన్నిటికన్నా కష్టం, తెలుసా?" అన్నాడు. సంతోషంగా వెళ్ళి పడుకున్నాడు.

ఎంత తేలిక. చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు లోకువ అని ఊరికే అనలేదు. నన్ను నమ్మి నవ్వుతున్న ఆ మొహం చూసినప్పుడు నాకు ప్రేమే కలిగింది. వాళ్ళకీ నన్ను చూస్తే ఇలాగే ఉండేదేమో ఇన్నాళ్ళూ.

ఇక డాక్టరమ్మకి ఆ ఫోన్ చేయలేను.

మార్చి 18, బుధవారం

ఏమీ రాయను.

మార్చి 19, గురువారం

నాన్నకి ముందే చెప్పాలనుకున్నాను. నాకు ఎవరూ ముందు చెప్పలేదు కాబట్టి.

మూసి ఉన్న తన షాపులో ఉన్నాడు. షట్టరు సగం ఎత్తి వంగి లోపలికి వెళ్ళాను. రంగు డబ్బాల మూతలు గోడ పొడుగునా వరసగా ఉన్నాయి. ఏ మూత ఏ కారుదో ఆయనకి తెలుసు.

"డాక్టరమ్మకి చెప్పేస్తున్నాను. ఫిల్మ్ సంగతి కాదు. తలుపు సంగతి."

మూత ఒకటి తుడుస్తూనే ఉన్నాడు.

"నా పేరు కూడానా?"

"అదింకా అనుకోలేదు."

"అనుకో. బాగా అనుకో. ఇంకెవడైనా నాకు పనిస్తాడా ఈ ఊళ్ళో? దొంగ పెయింటరు అంటారు. నేనేం దొంగిలించాను? ఆ తలుపు పక్కన నిలబడి పోల్చుకోమను. నా పనిలో తప్పు చూపించమను."

"పనిలో తప్పు లేదు నాన్నా."

"మరి?"

"ఆవిడ నన్ను అడిగింది. నీ కారైతే ఏం చేస్తావని. నా కారైతే నాకు ఎవరైనా చెప్పాలని ఉంటుంది."

మూత కింద పెట్టాడు. "నీకు చదువు చెప్పించడానికి ఎన్ని కార్లకి రంగేశానో. ఆ చదువుతో నువ్వు నా మీదే గీత పెడతావనుకోలేదు. నీకు మంచిపేరు కావాలంటే ఆ ఖర్చు నేనేనా?"

నాకు జవాబు ఉంది. నీ మాస్టారు పిలుపుకి ఖర్చు నేను కాదా అని. నాలిక చివర దాకా వచ్చింది. అనలేదు. అనకపోవడం మంచితనం కాదు. అంటే ఆయనకి అర్థమవుతుందేమోనని భయం వేసింది.

షట్టరు కింద నుంచి వంగి వచ్చేశాను. రాత్రి పళ్ళేలు పెట్టేటప్పుడు అమ్మ మా ఇద్దరి మధ్యా కూర్చుంది. "ఉప్పు సరిపోయిందా అని ఆయన్ని అడుగు" అంది నాతో. "సరిపోయిందని చెప్పు" అన్నాడాయన అమ్మతో.

మార్చి 20, శుక్రవారం

పొద్దున్న మేనేజరు బల్ల మీద నా గుర్తింపు కార్డు పెట్టేసి వచ్చాను. ఆయన ఇంకా రాలేదు. ఎవరూ చూడలేదు. స్టిక్కర్ మామ ఒక్కడే గేటు దగ్గర ఎదురై, "టీ తాగావా?" అని అడిగాడు. లేదన్నాను. "తాగి వెళ్ళు" అన్నాడు. తాగాను.

డాక్టరమ్మతో మాట్లాడదామని మూడుసార్లు ఫోన్ తీశాను. మాటల్లో అయితే నేను ఎక్కడో ఒకచోట మెత్తబడతాను. నా గొంతు విని ఆవిడ మళ్ళీ నమ్మేస్తుంది. అందుకే రాసి పంపుతాను. ఫోన్‌లో కొట్టే ముందు ఇక్కడ రాసుకుంటున్నాను.

మేడమ్,

ఇది షోరూము తరఫున రాస్తున్నది కాదు. ఇవాళ్టి నుంచి నేను అక్కడ పనిచేయడం లేదు.

మీ కారు ఎడమ తలుపు, ఎడమ వెనక ఫెండరు లారీ మీంచి దింపేటప్పుడు దెబ్బతిన్నాయి. వాటిని సరిచేసి మళ్ళీ రంగు వేశారు. మీకు ఎవరూ చెప్పలేదు. కొత్త కారని, ఫిల్మ్ వేయించమని మీకు నేను చెప్పినప్పుడు నాకు తెలియదు. 13వ తేదీ తెలిసింది. తెలిశాక కూడా వారం రోజులు ఊరుకున్నాను.

ఆ రంగు ఇంకా లోపల ఆరలేదు. దాని మీద ఫిల్మ్ వేస్తే పాడవుతుంది. ఫిల్మ్ వద్దు అని ఒక్క మాట చెప్పి ఊరుకుందామని కూడా అనుకున్నాను. మీరు సరేననేవారు. ఎందుకు సరేనన్నారో మీకే తెలిసేది కాదు.

రంగు వేసింది

ఇక్కడ మొదట "ఎవరో ఒక పెయింటరు" అని రాశాను. బాగానే ఉంది, వాక్యం సాఫీగా సాగింది. కానీ ఆవిడకి రేపు కావాల్సింది వాక్యం కాదు. లోపల దెబ్బ ఎంత లోతో, ఏం పెట్టి నింపారో, తలుపులో ఇనుము ఎక్కడ నలిగిందో చెప్పగలిగిన మనిషి కావాలి. అలాంటి మనిషి ఒక్కడే ఉన్నాడు. కొట్టేసి మళ్ళీ రాస్తున్నాను.

రంగు వేసింది మా నాన్న. పని బాగా చేశాడు. లోపల ఏముందో ఆయనకే తెలుసు. మీరు అడిగితే చెబుతాడని నేను మాట ఇవ్వలేను. నేను మీకు ఇది రాస్తానని ఆయనకి తెలుసు, ఇష్టం లేదు, నాతో మాట్లాడటం లేదు. అయినా అడిగే హక్కు మీది కాబట్టి ఆయన షాపు చిరునామా దీంతోపాటు పంపుతున్నాను. షట్టరు మూసినట్టే ఉంటుంది, సగం ఎత్తి పిలవండి.

కారు ఉంచుకోవడమో, వెనక్కి ఇవ్వడమో మీ ఇష్టం. అందులో నా సలహా ఏమీ లేదు. సోమవారం పొద్దున్నే షెడ్డులో ఫిల్మ్ పని మొదలుపెడతారు. నేను ఆపమంటే ఎవరూ ఆపరు. మీరు చెబితేనే ఆగుతుంది. అందుకని 22వ తేదీ, ఆదివారం సాయంత్రంలోగా నాకు జవాబివ్వండి. పెద్దగా ఏమీ రాయక్కర్లేదు. చదివాను అన్నా చాలు.